లాల, బువ్వ, జోల: నిత్యకృత్యాలే శిశువుకు తొలి బడి

శిశుపోషణ అనగానే మనకు వెంటనే స్ఫురించేవి తల్లిపాలు, నిద్ర, టీకాలు, నెలనెలా చూసే తూకం. ఇవన్నీ అత్యవసరమైనవే. వీటితోపాటు శిశువుకు అందవలసిన పోషణ మరొకటి ఉన్నది. అది పెద్దల చూపు, కంఠస్వరం, స్పర్శ. దీనికోసం ప్రత్యేకంగా వేళ కేటాయించనక్కరలేదు, ఖరీదైన ఆటవస్తువులు కొననక్కరలేదు. ఒంటికి నూనె రాయడం, లాలపోయడం, పొత్తిగుడ్డలు మార్చడం, బువ్వ తినిపించడం, ఊయలలో వేసి జోకొట్టడం వంటి పనులు ఎలాగూ రోజూ చేస్తూనే ఉంటాము. ఆ పనిలో శిశువును భాగస్వామిని చేస్తున్నామా, లేక త్వరగా ముగించి లేస్తున్నామా అన్నదే ఆలోచించవలసిన విషయం.

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ ప్రాంతాలలో తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. బారసాల ముగిసి, మూడో నెలో ఐదో నెలో వచ్చి తల్లీబిడ్డలు అత్తింటికి వెళ్ళేవరకు శిశువు ఎక్కువగా అమ్మమ్మ చేతులలోనే పెరుగుతుంది. నేడు అనేక గృహాలలో ఈ ఏర్పాటు సడలుతున్నది. లాలపోయడానికి రోజుకు అరగంటసేపు వచ్చి వెళ్ళే మనిషిని కుదుర్చుకొంటున్నారు. తినిపించేటప్పుడు శిశువు ఎదుట సెల్‌ఫోను నిలబెడుతున్నారు. సున్నిపిండి మూటగట్టుకొని కూతురి కాన్పుకు అమెరికా వెళ్ళిన అమ్మమ్మ, వీసా గడువు తీరగానే తిరిగి వస్తున్నది. కాలం తెచ్చిన ఈ మార్పులను పూర్తిగా ఆపలేము. అయితే వీటి మధ్య దేనిని పోగొట్టుకోకూడదో గుర్తించాలంటే, ఆ నిత్యకృత్యాలలో శిశువుకు, పెద్దలకు నడుమ ఏమి జరుగుతున్నదో ముందుగా తెలుసుకోవాలి.

ప్రాచీనులు చెప్పిన అనువర్తనం

ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు. అందులో శిశుసంరక్షణకు సంబంధించిన అంగం కౌమారభృత్యం. దీనికి ప్రధాన గ్రంథమైన కాశ్యపసంహిత చాలాకాలం అలభ్యంగా ఉండి, నేపాలులో లభించిన తాళపత్రప్రతి ఆధారంగా 1938లో ముద్రణ పొందింది. విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి విద్యాసంస్థలలో వైద్యవిద్యార్థులు నేటికీ ఈ శాస్త్రాన్ని అభ్యసిస్తున్నారు.

సుశ్రుతుడు శారీరస్థానం పదవ అధ్యాయంలో శిశువుతో ఎలా మెలగాలో స్పష్టంగా నిర్దేశించాడు. శరీరానికి సుఖంగా ఉండేటట్లు ఎత్తుకోవాలి. గద్దించకూడదు. నిద్రిస్తున్న బిడ్డను ఉలిక్కిపడేటట్లు లేపకూడదు. హఠాత్తుగా లాగడం, పైకి ఎగరవేయడం పనికిరాదు. నడుము నిలవకముందే కూర్చోబెట్టకూడదు. వీటన్నిటికీ తుదిగా ఆయన చెప్పిన మాట మిక్కిలి విలువైనది. అనేకమైన ప్రియవచనాలతో, ప్రియమైన చేష్టలతో శిశువును నిత్యమూ అనువర్తించాలని అన్నాడు. అనువర్తించడమంటే అనుసరించి నడవడం. శిశువు ఏమి కోరుతున్నది, ఎటు చూస్తున్నది, ఎప్పుడు చాలనుకొంటున్నది అన్నవి గ్రహించి పెద్దలు దానికి తగినట్లు మెలగడమే అనువర్తనం.

చరకుడు కూడా శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఒక హెచ్చరిక చేశాడు. బిడ్డ ఏడ్చినా, తినకపోయినా రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టడం తగదన్నాడు. బూచాడు వస్తున్నాడని చెప్పి ముద్ద మింగించే అలవాటు మన ఇళ్ళలో నేటికీ ఉన్నది. ఆ సందర్భంలో చరకుని హెచ్చరికను గుర్తుచేసుకోవడం మంచిది.

ఆధునిక పరిశోధనలు ఏమంటున్నవి?

అమెరికాకు చెందిన మనోవైజ్ఞానికుడు ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు 1978లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. తల్లి మొదట బిడ్డతో ఎప్పటివలెనే ముచ్చటిస్తుంది. తరువాత కొద్ది నిమిషాలపాటు బిడ్డకు ఎదురుగానే ఉండి, ముఖంలో ఏ భావమూ లేకుండా, పలకకుండా ఉండిపోతుంది. కొద్ది నెలల వయస్సు శిశువు సైతం ఈ మార్పును గమనిస్తుంది. నవ్వి చూస్తుంది, శబ్దం చేస్తుంది, చేతులు చాపుతుంది. ఎంతకూ బదులు రాకపోతే ముఖం తిప్పుకొంటుంది, ఏడుపు మొదలుపెడుతుంది. తల్లి తిరిగి పలికినప్పుడు తేరుకొంటుంది. శిశువు మన మాటలను వినడంతో సరిపెట్టుకోదనీ, తన చేష్టకు మన బదులు కోసం ఎదురుచూస్తుందనీ దీనివలన తెలిసింది. ఒడిలో బిడ్డ ఉండగా సెల్‌ఫోనులో లీనమైన తల్లి ముఖమో, తండ్రి ముఖమో ఆ బిడ్డకు ఎలా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

జెరోమ్ బ్రూనర్ అనే మరొక మనోవైజ్ఞానికుడు 1970ల దశకంలో దోబూచులాట వంటి చిన్న ఆటలను శ్రద్ధగా పరిశీలించాడు. ముఖం దాచుకోవడం, క్షణం ఆగడం, మళ్ళీ కనిపించడం అనే క్రమం పదేపదే జరుగుతుంది. ఈ క్రమం తెలిసిన శిశువు తరువాత జరగబోయేదాని కోసం ఎదురుచూడడం నేర్చుకొంటుంది. కొద్దికాలానికి తానే ముఖం దాచుకొని ఆట మొదలుపెడుతుంది. ఒకే వరుసలో రోజూ జరిగే స్నానం, భోజనం, నిద్ర కూడా ఇటువంటి ఆటలే. ఏది తరువాత ఏమి వస్తుందో తెలిసినందువలన అందులో తన వంతు ఏమిటో శిశువు గ్రహించగలుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు మరికొన్ని సంస్థలతో కలిసి 2018లో వెలువరించిన శిశుసంరక్షణ ప్రణాళికలో అయిదు అంశాలు ఉన్నవి. మంచి ఆరోగ్యం, తగినంత పోషణ, భద్రత, నేర్చుకొనే అవకాశం అనే నాలుగింటితోపాటు, శిశువు చేష్టలకు స్పందించే సంరక్షణను కూడా అందులో చేర్చారు. ఈ అయిదవ అంశం సుశ్రుతుని అనువర్తనానికి ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులు గమనించగలరు.

అభ్యంగనం, లాల

వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలోని మొదటి అధ్యాయంలో నవజాత శిశువుకు బలాతైలం వాడుకను చెప్పాడు. మన గృహాలలో సాధారణంగా చలికాలంలో నువ్వులనూనె, వేసవిలో కొబ్బరినూనె వాడతారు. 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఢిల్లీ పరిశోధనలో ఆరు వారాల వయస్సు గల 125 మంది శిశువులను గమనించారు. నాలుగు వారాలపాటు నూనెతో మర్దన చేయగా, నువ్వులనూనె వాడిన శిశువుల ఎదుగుదల మెరుగుగా ఉన్నట్లు తేలింది.

నూనె గుణం అలా ఉండగా, ఆ వేళలో జరిగే ముచ్చట గుణం వేరు. అమ్మమ్మ పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, వాటిపై శిశువును వెల్లకిల పడుకోబెడుతుంది. ఆ స్థితిలో ఇద్దరి ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా, దగ్గరగా ఉంటాయి. పసికందు చూపు స్పష్టంగా ఆనేది ఆ కొద్ది దూరమే. "ఏమ్మా, నీళ్ళు వెచ్చగా ఉన్నాయా?" అని అమ్మమ్మ అడుగుతుంది. అడిగి ఒక్క క్షణం ఆగుతుంది. శిశువు కాళ్ళు ఆడిస్తుంది, 'ఊ' అంటుంది. "ఆఁ, బాగున్నాయా! అయితే ఇంకో చెంబు పోసేదా తల్లీ?" అని బదులు వస్తుంది. ఇందులో అమ్మమ్మ ఆగిన ఆ క్షణమే ముఖ్యం. ఆ ఖాళీలోనే శిశువుకు తన వంతు దొరుకుతుంది. సంభాషణ అంటే ఇచ్చిపుచ్చుకోవడమని, ఒక్క మాట రాకముందే శిశువు అక్కడ నేర్చుకొంటుంది.

చేతికి నూనె రాస్తూ చేయి అని, పొట్ట నిమురుతూ బొజ్జ అని, పాదం పట్టుకొని కాలు అని చెప్పడం మరొక మేలు. స్పర్శ, పేరు ఒకేసారి అందుతాయి. లాల, బువ్వ, జోజో, తాత, అత్త అనే మన పసిమాటలు చిన్నవి. వీటిలో చాలావరకు ఒకే అక్షరమో, జంట అక్షరమో తిరిగి పలుకుతుంది. అందుచేత పసి నాలుకకు ఇవి సులభం. వాటిని కొంచెం సాగదీసి, హెచ్చుస్వరంతో పలికితే శిశువులు ఎక్కువ శ్రద్ధగా వింటారు. ముద్దుమాటలు పలికితే భాష చెడిపోతుందన్న భయం అక్కరలేదు.

పాటించవలసిన పద్ధతి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పుట్టిన తరువాత 24 గంటలు గడిచేవరకు స్నానం చేయించకూడదు. బొడ్డు ఊడేవరకు తడిగుడ్డతో తుడవడం చాలు. తరువాత నూనెను కొద్దిగా గోరువెచ్చగా చేసి, ముందుగా మన అరచేతులకు రాసుకోవాలి. పాలు తాగిన వెంటనే మర్దన చేయకూడదు. కనీసం ముప్పావుగంట గడవనివ్వాలి. కాళ్ళతో మొదలుపెట్టి పొట్ట, ఛాతీ, చేతులు, వీపు అనే వరుసలో మృదువుగా రాయాలి. వరుస రోజూ ఒకటే ఉంటే శిశువు దానిని గుర్తుపడుతుంది. కాలు అయిన తరువాత చేయి తానే చాపుతుంది. నీటి వేడిని మోచేతితో పరీక్షించాలి. స్నానం అయిదు, పది నిమిషాలకు మించనక్కరలేదు. సున్నిపిండి వాడదలచినవారు మెత్తగా జల్లించిన పెసరపిండిని నీటితో పలుచగా కలిపి రాసి కడగాలి. లేతచర్మంపై నలుగు పెట్టి రుద్దితే చర్మం రేగుతుంది.

శిశువు ముఖం పక్కకు తిప్పుకొన్నా, వీపు విల్లులా వంచినా, వేళ్ళు విడదీసి చాచినా, ఆవులించినా ఇక చాలని అర్థం. అప్పుడు ఆపివేయాలి. ఏడుస్తున్న బిడ్డను అదిమిపట్టి మర్దన పూర్తిచేయడం అభ్యంగనం అనిపించుకోదు.

మానవలసిన అలవాట్లు

పెద్దల నుండి వచ్చిన ప్రతి ఆచారమూ మేలైనదని చెప్పలేము. కింది అలవాట్లను నిస్సంకోచంగా మానాలి.

1. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం. నూనె ఊపిరితిత్తులలోకి చేరితే ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది.

2. స్నానం ముగిసిన తరువాత బిడ్డను కాళ్ళు పట్టుకొని తలకిందులుగా వేలాడదీయడం, చేతులు పట్టి ఊపడం, పైకి ఎగరవేయడం.

3. పసిబిడ్డ రొమ్ములు పిండడం. పుట్టిన కొద్దిరోజులలో కనిపించే వాపు సహజమైనది, దానంతట అదే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది.

4. తల గుండ్రంగా రావాలని నొక్కడం, ముక్కు నిలవాలని లాగడం.

5. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టించడం. చరకుడు ధూపం వేయమన్నది శిశువు వస్త్రాలకు, పరుపులకు. లేత ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదు.

6. కంటికి కాటుక పెట్టడం. కొన్ని కాటుకలలో సీసం ఉంటుంది. దిష్టిచుక్క పెట్టదలచినవారు పాదానికి పెట్టవచ్చు.

7. ఏడాది నిండకుండా తేనె నాకించడం. ప్రాచీన గ్రంథాలలో తేనె ప్రస్తావన ఉన్నప్పటికీ, తేనెలో ఉండే ఒకరకం సూక్ష్మజీవి వలన ఏడాదిలోపు శిశువులకు తీవ్రమైన వ్యాధి రావచ్చని ఇప్పుడు నిర్ధారణ అయినది. వస, ఆముదం వంటివి కూడా వైద్యుని సలహా లేనిదే ఇవ్వకూడదు.

ఈ అలవాట్లు మానినందువలన ఆచారం చెడిపోదు. ఒడి, చూపు, మాట, నిమరడం అనే సారం మిగిలే ఉంటుంది.

ఉగ్గుగిన్నె నుండి గోరుముద్ద దాకా

పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదు. పాలు తాగే శిశువు కొంతసేపు చప్పరించి, కొంతసేపు ఆగుతుంది. ఆ విరామంలో తల్లి కదిలించడమో, పలకరించడమో సహజంగా జరుగుతుంది. ఇది కూడా ఇచ్చిపుచ్చుకోవడమే.

అన్నప్రాశన మగశిశువుకు సరినెలలో, ఆడశిశువుకు బేసినెలలో చేయడం ఆచారం. ఆడశిశువుకు అయిదవ నెలలో ముహూర్తం వస్తే, ఏడవ నెలకు మార్చుకోవడం ఆరోగ్యరీత్యా ఉత్తమం. ఆనాడు శిశువు ఎదుట పుస్తకం, కలం, బంగారం వంటివి ఉంచి, ఏది పట్టుకొంటుందో చూసే వేడుక మనకు తెలిసినదే. ఇల్లంతా ఊపిరి బిగబట్టి ఆ చిన్నచూపు ఎటు పోతున్నదో గమనిస్తుంది. ఆ ఒక్క పూట చూపే శ్రద్ధలో కొంత ప్రతిరోజూ చూపితే, అంతకన్న మంచి జాతకం శిశువుకు అక్కరలేదు.

ఉగ్గు తయారుచేయు విధానం: పాతబియ్యం మూడు వంతులు, పెసరపప్పు ఒక వంతు తీసుకొని కడిగి నీడలో ఆరబెట్టాలి. సన్నని సెగపై దోరగా వేయించి, చల్లారిన తరువాత సన్నని రవ్వగా పట్టించి, తడి తగలని డబ్బాలో ఉంచాలి. రెండు చెంచాల రవ్వను గ్లాసు నీటిలో వేసి మెత్తగా ఉడికించి, అరచెంచా నెయ్యి కలపాలి. చెంచా వంచితే నీళ్ళలా కారిపోనంత చిక్కగా ఉండాలి. ఏడాది నిండేవరకు ఉప్పు, పంచదార వేయనవసరం లేదు. క్రమంగా మెదిపిన కూరగాయలు, అరటిపండు, పప్పుకట్టు చేర్చుకోవాలి.

తినిపించడంలో నేర్పు ఇదీ. బిడ్డను కూర్చోబెట్టుకొని ఎదురుగా ఉండాలి. వెల్లకిల పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం పొలమారడానికి దారితీస్తుంది. ముందు చెంచా చూపించి, బిడ్డ నోరు తెరిచేవరకు ఆగాలి. ముఖం తిప్పుకొంటే కొంతసేపు ఆపి మళ్ళీ చూపాలి. రెండోసారి కూడా వద్దంటే ఆ పూటకు అంతే. తొమ్మిదో నెల నాటికి ఒక మెత్తని ముద్దను తన చేతికే ఇవ్వాలి. నేల పాడవుతుంది, చొక్కా పాడవుతుంది. అయినా చేయికి, కంటికి, నోటికి పొత్తు కుదిరేది అక్కడే.

వెనుకటి తల్లులు పెరటిలో చందమామను, గోడమీద కాకిని, వీధిలో ఆవును చూపిస్తూ తినిపించేవారు. తల్లి వేలు చూపిన వైపు బిడ్డ చూసేది. బిడ్డ చూసిన దానికి తల్లి పేరు చెప్పేది. ఇద్దరి చూపు ఒకే వస్తువుపై కలవడం మాటలు నేర్చుకోవడానికి పునాది. సెల్‌ఫోను తెర ఎదుట ఉంటే బిడ్డ చూపు తెరకే అతుక్కొంటుంది. నోరు యాంత్రికంగా తెరుస్తుంది. ఆకలి, తృప్తి తెలియవు. తల్లి ముఖం వైపు తిరగదు. రెండేళ్ళు నిండేవరకు శిశువులకు తెర చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఊయల, జోల

దూలానికి వేలాడే చెక్క ఊయల అయినా, చీరతో కట్టిన ఉయ్యాల అయినా, ఊపు నెమ్మదిగా, ఒకే లయలో ఉండాలి. డెల్టా పల్లెలలో ఊడ్పుల కాలంలో కాలువగట్టున చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, వరుస చివర గట్టుకు చేరినప్పుడల్లా వంగి పలకరించిపోయే తల్లులు ఉన్నారు. పని మధ్యలో దొరికిన రెండు నిమిషాలలో అందే ఆ పలకరింపు విలువ తక్కువ కాదు.

జోలపాట రాగయుక్తంగా ఉండాలన్న నియమం లేదు. రోజూ అదే పాట, అదే గొంతు, అదే వేళ అయితే నిద్ర సుఖంగా పడుతుంది. ఊయల అడుగున గట్టి పరుపు, వదులు గుడ్డలు లేకపోవడం, శిశువును వెల్లకిల పడుకోబెట్టడం క్షేమకరం. చీర ఉయ్యాలలో మెడ ముందుకు వంగి గాలి ఆడకపోయే అవకాశం ఉన్నందున, పెద్దల చూపు ఎల్లప్పుడూ దానిపై ఉండాలి. నిద్ర పట్టిన తరువాత చదునైన పక్కపైకి మార్చడం మంచిది.

ఆటవస్తువులు

చరకుడు చెప్పిన ఆటవస్తువుల లక్షణాలు నేటి భద్రతా నియమాలవలె ఉన్నవి. రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, మనోహరంగా, తేలికగా ఉండాలి. మొనదేలి ఉండకూడదు, నోటిలో పట్టేంత చిన్నవి కాకూడదు, ప్రాణహాని కలిగించకూడదు, భయపెట్టకూడదు.

విజయవాడకు సమీపంలోని కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలు చాలా తేలికైనవి, రంగులతో కన్నుల పండువగా ఉంటాయి. అయితే వాటికి అతికించిన చిన్న భాగాలు ఉంటాయి, పైన రంగు పూత ఉంటుంది. అందుచేత అన్నిటినీ నోట పెట్టుకొనే వయస్సులో వాటిని చేతికి ఇవ్వకుండా, ఎత్తున ఉంచి చూపిస్తూ ఏనుగు, ఎడ్లబండి అని పేర్లు చెప్పాలి. చేతికి ఇవ్వదగినవి ఇంట్లోనే ఉన్నవి. స్టీలు గ్లాసు, చెక్క గరిటె, మూత బిగించిన ఖాళీ డబ్బా, శుభ్రమైన గుడ్డ సరిపోతాయి. తాటాకు గిలక్కాయ అంచులు గరుకుగా లేకుండా చూసుకోవాలి.

నడక విషయంలో కాశ్యపసంహిత ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పింది. ఏడాది గడిచినా నడవలేని శిశువు స్థితికి ఫక్కమని పేరు పెట్టి, చికిత్సలో భాగంగా మూడు చక్రాల బండితో నడక అభ్యాసం చేయించమన్నది. మన ఇళ్ళలోని మూడు చక్రాల చెక్కబండి దానిని తలపిస్తుంది. బిడ్డ తన కాళ్ళపై నిలిచి తోసే బండి ఇది. లోపల కూర్చోబెట్టే వాకర్లు ప్రమాదకరం. కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది.

ఇంటిపనిలో చిన్న చేయి

బార్బరా రోగోఫ్, ఆమె సహచరులు 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒకటి, రెండేళ్ళ మధ్య పిల్లలు పెద్దలతో ఎలా మెలగుతున్నారో నాలుగు చోట్ల పరిశీలించారు. మన దేశంలోని ఒక గిరిజన గ్రామం, గ్వాటెమాలాలో ఒక మాయా జాతి పట్టణం, టర్కీలో, అమెరికాలో ఒక్కొక్క నగర సముదాయం ఆ నాలుగు చోట్లు. అమెరికా, టర్కీ తల్లులు ఎక్కువగా కూర్చోబెట్టి పాఠంలా నేర్పుతుండగా, తక్కిన రెండు చోట్ల పిల్లలు పెద్దల పనికి దగ్గరగా ఉండి, చూసి నేర్చుకోవడం అధికంగా కనిపించింది. నేర్చుకొనే దారులు ఒకటి కన్న ఎక్కువ ఉన్నవని దీని సారాంశం. ఎల్.కె.జి. పాఠాలను పద్దెనిమిది నెలలకే మొదలుపెట్టాలని ఆత్రపడే మధ్యతరగతి తల్లిదండ్రులు దీనిని గమనించాలి.

గోంగూర ఆకులు తుంచేటప్పుడు ఒక కాడ బిడ్డ చేతికి ఇవ్వవచ్చు. బట్టలు మడిచేటప్పుడు చిన్న తువ్వాలు అందించమనవచ్చు. పూజకు పూలు సర్దేటప్పుడు ఒక పువ్వు పళ్ళెంలో వేయించవచ్చు. ఇది నాన్న చొక్కా, ఇది నీ గౌను అని చెబుతూ ఉంటే పనీ అవుతుంది, పాఠమూ అవుతుంది. మినుములు, సెనగలు బాగుచేసే చేట దగ్గరకు, ఆవకాయ కారం కలిపే చోటికి మాత్రం రానివ్వకూడదు. గింజలు ముక్కులో, చెవిలో దూర్చుకోవడం పిల్లలలో తరచుగా జరిగే ప్రమాదం.

ఎవరు చేయాలి?

తల్లి ఒక్కతే అన్నీ చేయాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. 2017లో చట్టసవరణతో వేతనంతో కూడిన ప్రసూతిసెలవు 26 వారాలకు పెరిగింది. ఆ తరువాత ఉద్యోగానికి వెళ్ళే తల్లికి సాయంత్రం మిగిలే సమయం తక్కువ. అందుచేత తండ్రి ఒక నిత్యకృత్యాన్ని పూర్తిగా తనదిగా స్వీకరించాలి. రాత్రి జోకొట్టడమో, ఆదివారం లాలపోయడమో ఏదైనా సరే, వారాల తరబడి తప్పకుండా సాగాలి. తాతగారు సాయంత్రం వీధి గుమ్మంలో బిడ్డను ఎత్తుకొని వచ్చేపోయేవారిని చూపించడం కూడా అంతే మేలు చేస్తుంది.

లాలపోయడానికి మనిషిని కుదుర్చుకొన్నవారు ఆ సమయంలో తల్లిగానీ, తండ్రిగానీ బిడ్డ ముఖం కనిపించే చోట కూర్చోవాలి. ఆమె చేతి నేర్పును గౌరవిస్తూనే, "కాస్త నెమ్మదిగా పొయ్యమ్మా, బిడ్డతో మాట్లాడుతూ పొయ్యి" అని చెప్పవచ్చు. పైన చెప్పిన హానికరమైన అలవాట్లు వద్దని మొదటి రోజే మర్యాదగా చెప్పాలి. దూరదేశంలో ఉన్న మనుమరాలిని అమ్మమ్మ వీడియోలో పలకరించేటప్పుడు, ఒడిలో ఉంచుకొన్న తల్లి ఆ మాటలకు చేతిస్పర్శ జోడిస్తే బిడ్డకు అవి బాగా అందుతాయి.

గమనించవలసిన గుర్తులు

నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే మన వేడుకలు శిశువు ఎదుగుదలను ఇంటిల్లిపాదీ గమనించే పద్ధతులే. సాధారణంగా రెండు నెలలకు పలకరిస్తే నవ్వుతుంది. నాలుగు నెలలకు గట్టిగా కిలకిలలాడుతుంది. ఆరు, తొమ్మిది నెలల మధ్య అక్షరాలు కలిపి పలుకుతుంది, పేరు పిలిస్తే తిరుగుతుంది. ఏడాదికి కావలసినదాన్ని వేలితో చూపుతుంది, ఒకటి రెండు మాటలు అంటుంది.

మూడు నెలలు నిండినా ముఖం చూసి నవ్వకపోవడం, పెద్ద చప్పుడుకు ఉలకకపోవడం, ఏడాదికి పేరు పిలిచినా తిరగకపోవడం, వేలితో చూపకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, నేర్చిన మాట లేదా నవ్వు ఏ వయస్సులోనైనా పోవడం గమనిస్తే ఆలస్యం చేయకూడదు. వాళ్ళ నాన్నకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని సరిపెట్టుకోకుండా, పిల్లల వైద్యుని చేత వినికిడి, చూపు, ఎదుగుదల పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వం ఈ పరీక్షలను ఉచితంగా నిర్వహిస్తుంది; అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే వివరాలు తెలుస్తాయి. ఇటువంటి లోపాలను ముందుగా గుర్తించేది తరచుగా లాలపోసే చేయి, తినిపించే చేయి. రోజూ ముఖంలో ముఖం పెట్టి చూసేవారికే చిన్న మార్పు కనిపిస్తుంది.

కాన్పు తరువాత తల్లి ఎప్పుడూ దిగులుగా ఉండడం, బిడ్డను ఎత్తుకోవడానికి ఇష్టపడకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే అది కూడా చికిత్స అవసరమైన స్థితే. బదులు పలకలేని తల్లిని నిందించకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఆమె కోలుకొనేవరకు బిడ్డను పలకరించే బాధ్యతను ఇంటిలోని ఇతరులు స్వీకరించాలి.

రేపటి నుండి ఆచరించదగిన చిన్న నియమం ఒకటి చెప్పి ఈ వ్యాసం ముగిస్తాము. రోజుకు ఒక్క పని, నూనె రాయడమో, ఉగ్గు తినిపించడమో, ఎంచుకోండి. ఆ పదిహేను నిమిషాలు ఫోను వేరే గదిలో ఉంచండి. ఒక మాట పలకండి, ఆగండి, శిశువు ఇచ్చే బదులు చూడండి, దానికి మీరు బదులివ్వండి. నెలరోజులు తప్పకుండా చేస్తే, మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ పని కోసం బిడ్డ చేతులు చాపడం మీరే గమనిస్తారు.